పెట్టిపుట్టినవాళ్ళు

బిల్లు ఎవరిదైనా సరే, చదవకుండా ఉండలేను. అది వృత్తి అంటించిన జబ్బు. ఇరవై రెండేళ్ళుగా బెజవాడ గవర్నరుపేటలో ఒక ఆడిటరు గారి దగ్గర పద్దులు రాస్తున్నాను. టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు, రెండు మూడు పెద్ద రెస్టారెంట్లు మా పార్టీలే. అందుకే మొన్న ఒక శనివారం రాత్రి, బెంజి సర్కిల్‌కి కాస్త అవతల కొత్తగా వెలిసిన ఒక రెస్టారెంటులో (పేరెందుకు లెండి) నల్ల తోలు అట్టలో బిల్లు వచ్చి మా బావమరిది ముందు వాలగానే, వాడు కార్డు తీసేలోపే నేను దాన్ని ఇవతలికి లాక్కున్నాను.

"బావా, ఇది మీ ఆఫీసు కాదు," అన్నాడు వాడు నవ్వుతూ.

ముగ్గురం తిన్నాం. నేను, మా ఆవిడ, వాడు. తిండి, నీళ్ళు, రంగు నీళ్ళు అన్నీ కలిపి 6,400. దాని మీద పది శాతం సర్వీస్ చార్జి 640. ఆ రెండూ కలిపిన మొత్తం మీద ఐదు శాతం జీఎస్టీ 352. వెరసి 7,392 రూపాయలు. కూడికలో తప్పు లేదు. ఉంటే బావుండేది, పోట్లాడటానికి ఏదో ఒకటి దొరికేది.

ఈ డబ్బుకి అన్నా క్యాంటీన్‌లో ఎన్ని భోజనాలు వస్తాయో లెక్క కట్టడం తేలిక. ప్లేటు ఐదు రూపాయలు, 1,478 భోజనాలు. నేనూ కట్టాను, ఎందుకు అబద్ధం. కానీ ఆ అంకె మీ ముందు పెట్టి సిగ్గుపడమనడం నా ఉద్దేశం కాదు. ఆ ఐదు రూపాయల వెనక ప్రభుత్వమూ దాతలూ భరించేది చాలా ఉంటుందని పద్దులు రాసేవాడికి తెలియదా? పైగా వచ్చే వారం వాడు మళ్ళీ పిలిస్తే నేను మళ్ళీ వెళతాను. అలాంటి చోట్లకి వెళ్ళడం నాకిష్టం. తిండి కోసమని అనలేను. చూడటానికి.

మా బావమరిది తుళ్ళూరు, మందడం వైపు స్థలాలు చూపించే పని చేస్తాడు. వాడి దశ తెలుసుకోవాలంటే జాతకం అక్కర్లేదు, ఫోన్లు లెక్కపెడితే చాలు. 2015 అక్టోబరులో రాజధానికి శంకుస్థాపన జరిగిన రోజుల్లో జేబులో రెండు ఫోన్లు, రెండూ తెగ మోగేవి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక ఒక్కటే ఫోను, అదీ బ్యాంకు వాళ్ళు చేస్తేనే మోగేది. 2024 వేసవి తర్వాత మళ్ళీ రెండు. మా దగ్గర పద్దులున్న ఒక రెస్టారెంటు అమ్మకాల రిజిస్టరు కూడా సరిగ్గా ఇలాగే లేచి, పడి, లేచింది. మధ్యలో కరోనా వచ్చి పడింది కాబట్టి పాపమంతా అమరావతి నెత్తిన రుద్దలేం అనుకోండి. అయినా బెజవాడలో ఏ సంవత్సరం ఖరీదైన భోజనాలు ఎలా నడుస్తాయో తెలియాలంటే, కృష్ణ అవతలి ఒడ్డున గజం ఎంత పలుకుతోందో అడిగితే సగం సమాధానం దొరికినట్టే.

మమ్మల్ని తీసుకెళ్ళి చేతులు కడుక్కునే చోటు పక్కన కూర్చోబెట్టారు. మధ్యలో నాలుగు టేబుళ్ళు ఖాళీగానే ఉన్నాయి. "రిజర్వుడు సార్," అన్నాడు కుర్రాడు. నాకైతే మంచిదే అయింది. ఆ మూల నుంచి హాలంతా కనిపిస్తుంది.

మెనూ కార్డు అట్ట పెళ్ళి ఆల్బమ్ అంత మందంగా ఉంది. ధరల పక్కన రూపాయి గుర్తు లేదు. 895, 925, 560. అది డబ్బు కానట్టు, ఏదో పేజీ నంబరైనట్టు. గోంగూర రొయ్యలు ఆరు ముక్కలు 895. గుంటూరు మిరపకాయతో చేశామని దాని కింద రాసి మూడు మిరపకాయల బొమ్మలు కూడా వేశారు. గుంటూరు అక్కడికి ముప్ఫై అయిదు కిలోమీటర్లు. ఆసియాలోనే పెద్దదని మనం చెప్పుకునే మిర్చి యార్డు అక్కడుంది. ఆ యార్డు గేటు ముందు నుంచి బస్సులో వెళ్ళినా తుమ్ములు ఆగవు. ఈ రొయ్యలు తిన్నాక నాకు కనీసం ముక్కు కూడా చెమర్చలేదు. గోంగూరలో పులుపు లేదు. ఎవరినీ నొప్పించకూడదని ప్రమాణం చేసి వండినట్టుంది.

ట్రఫుల్ రిసోట్టో 925. రిసోట్టో అంటే ఇటలీ వాళ్ళు మెత్తగా వండుకునే అన్నం. ట్రఫుల్ అంటే ఇటలీ, ఫ్రాన్సుల్లో ఓక్ లాంటి చెట్ల వేళ్ళని అంటుకుని మట్టిలోపల పెరిగే ఒక జాతి పుట్టగొడుగు. కుక్కలకి వాసన పట్టడం నేర్పి తవ్వి తీస్తారు. చాలా ఖరీదు. హోటళ్ళలో మన దాకా వచ్చేది ఎక్కువగా ట్రఫుల్ నూనె. ఆ పేరుతో అమ్మే నూనెల్లో చాలావాటికి వాసననిచ్చేది 2,4-డైథయాపెంటేన్ అనే రసాయనం, అసలు ట్రఫుల్ ఆ సీసా దరిదాపులకి రాకపోయినా నడుస్తుంది. ప్లేటు టేబుల్ మీద పెట్టగానే మా బావమరిది ముక్కు ఎగబీల్చి, "బావా, ఎక్కడో గ్యాస్ లీకవుతున్నట్టు లేదూ?" అన్నాడు. వాడి ముక్కుని తప్పు పట్టలేం. గ్యాస్ బండలో లీకు తెలియడానికి కలిపేది కూడా గంధకం ఉన్న రసాయనమే, ఆ రెండు వాసనలూ దూరపు చుట్టాలు.

సరే, తిండి సంగతి అంతే. అసలు సంగతి మనుషులది.

మాకు ఎదురుగా ఒక కుర్ర జంట. పెళ్ళై ఏడాది అయ్యుంటుంది. ఆ అమ్మాయి పట్టుచీర కట్టుకొచ్చింది. అతను కార్డు చూస్తూ బల్ల కింద ఫోనులో కాలిక్యులేటర్ నొక్కుతున్నాడు. సూపు వన్ బై టూ అడిగాడు. "వన్ బై టూ ఉండదు సార్," అన్నాడు సర్వర్. బెజవాడలో వన్ బై టూ లేని హోటలా! టీ దగ్గర మొదలుపెట్టి బిర్యానీ దాకా వన్ బై టూ మీద బతికిన ఊరిది. వాళ్ళు ఒక్క సూపే చెప్పుకుని, ఇద్దరూ రెండు చెంచాలతో తాగి, బంగారు రంగు రెక్కలు గీసిన గోడ ముందు నిలబడి పదిహేను ఫొటోలు దిగారు. ఆ గోడ అందుకే కట్టారు.

ఇంకో పక్క తెల్లచొక్కాల వాళ్ళు ఆరుగురు. ఒక్కరూ మెనూ తెరవలేదు. ఓనరు తనే వచ్చి నిలబడ్డాడు, భుజం మీద చెయ్యి వేసి మాట్లాడాడు. కాసేపటికి వాళ్ళ బల్ల మీదికి కార్డులో ఎక్కడా లేనివి రావడం మొదలైంది. వేయించిన జీడిపప్పు, ఉల్లిపాయ ఎక్కువ వేసిన ఆమ్లెట్లు, చివర్లో ఒక పెద్ద గిన్నెలో పెరుగన్నం, పక్కన ఊరమిరపకాయలు. ఆ ఊరమిరపకాయల వాసన మా దాకా వచ్చింది. ఆ హాలు మొత్తంలో నాకు నోరూరింది అప్పుడొక్కసారే.

ఆ పెరుగన్నం గుర్తు పెట్టుకోండి, దాంతో పనుంది.

మూడో టేబుల్ మీద ఒక కుటుంబం. కొడుకు, కోడలు అమెరికా నుంచి వచ్చినట్టున్నారు. పిల్లలిద్దరికీ ఇంగ్లీషు తప్ప రాదు. వాళ్ళతో పాటు ఒక పెద్దావిడ. నేత చీర, చేతికి రెండు జతల గాజులు, డెబ్భై అయిదు దాటి ఉంటాయి. ఆవిడకి గోంగూర రొయ్యలు నచ్చాయి (నాకు నచ్చకపోతే అందరికీ నచ్చకూడదని లేదుగా). ఆరు ముక్కలు ఐదుగురు పంచుకుంటే ఏమొస్తుంది? ప్లేటు తీసుకెళ్ళడానికి వచ్చిన కుర్రాడితో ఆవిడ ఎంతో మామూలుగా, "నాయనా, ఆ రొయ్యలు ఇంకో రెండు వెయ్యి," అంది.

కుర్రాడికి తెలుగు అంతగా రాదు. "రిపీట్, మేడమ్?" అన్నాడు.

"అమ్మా, ఇక్కడ అలా అడక్కూడదు. కావాలంటే ఇంకో ప్లేటు చెప్పాలి," అన్నాడు కొడుకు గొంతు తగ్గించి.

"ప్లేటెందుకురా? రెండు చాలు."

"రెండు ఇవ్వరమ్మా."

"ఇవ్వకపోవడమేంటి, లోపల లేవా?"

కోడలు పిల్లల వైపు చూస్తోంది. కుర్రాడు బొమ్మలా నిలబడ్డాడు. ఆవిడకి ఇంకా అర్థం కాలేదు. చివరికి, "పోనీలే, కాస్త పెరుగైనా తెప్పించు," అంది. కుర్రాడు లోపలికి వెళ్ళొచ్చి, ప్లెయిన్ కర్డ్ లేదని చెప్పాడు. ఐదు గజాల అవతల తెల్లచొక్కాల వాళ్ళు పెరుగన్నంలో ఊరమిరపకాయ నంజుకుంటున్నారు.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటేనని ఊరికే అన్నారా!

ఆవిడ అడిగిన దానికి మన భాషలో ఒక పేరుంది, మారు. మొదటిసారి వడ్డించింది లెక్కలోకి రాదు, అది అందరికీ వేస్తారు. మర్యాద తెలిసేది మారులోనే. మా చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో బంతి నడుస్తుంటే ఇంటి పెద్ద చేతులు కట్టుకుని వరసల మధ్య తిరిగేవాడు. "పప్పు మారు తీసుకురండి," "ఇటు పూర్ణాలు అందలేదు," "అయ్యో, నెయ్యి వెయ్యవే." తినేవాడు విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి ఒంగితే తప్ప వడ్డన ఆగదు. ఆ చేతుల సందులోంచి కూడా ఒక గారె జారవిడిచేవాళ్ళుండేవారు. మీల్స్ హోటల్లోనూ అంతే. సాంబారు బకెట్టు పట్టుకుని కుర్రాడు తిరుగుతూనే ఉంటాడు. అక్కడ మారు ఉచితమేమీ కాదు, ఆ లెక్కలు నేనే రాస్తాను. ఎంతమంది అన్నం రెండోసారి వేయించుకుంటారో ఓనరుకి అంచనా ఉంటుంది, ఆ బియ్యం ఖరీదు టోకెన్ ధరలో కలిసే ఉంటుంది. అయినా అడిగేది వాడు, వద్దనేది మనం. తేడా అక్కడుంది.

కొత్త రెస్టారెంటులో నన్ను గుచ్చేది ఇదే అనుకుంటాను. 895 కాదు. ఆ 895కి లెక్కపెట్టి ఆరు ఇచ్చి, ఏడోది అనే మాట ఆ భవనంలో ఎవరి నోటా రాకపోవడం.

డబ్బున్నవాళ్ళని తెలుగులో ఏమంటామో ఎప్పుడైనా ఆలోచించారా? ధనవంతులు అనేది పుస్తకాల మాట. ఇళ్ళలో ఆడవాళ్ళు నిట్టూరుస్తూ అనే మాట వేరు: "వాళ్ళకేమమ్మా, పెట్టిపుట్టారు." వెనకటి జన్మలో నలుగురికీ పెట్టారు కాబట్టి ఈ జన్మలో కలిగిన ఇంట పుట్టారని అర్థం. జన్మల మీద నమ్మకం లేకపోయినా ఆ మాటలో ఉన్న లెక్క చూడండి. కలిమి అనేది ఎవరికో పెట్టిన అన్నానికి వచ్చిన వడ్డీ. పెట్టడం ముందు, తినడం తర్వాత. డొక్కా సీతమ్మ గారిని (1841-1909) ఇవాళ్టికీ తలచుకుంటున్నామంటే లంకల గన్నవరంలో ఆవిడ పొయ్యి ఆరకుండా వచ్చినవాళ్ళకి పెట్టడం వల్లే. 2024లో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టారు. ఆ కాలంలో గోదావరి లంకల్లో అంతకంటే ఎక్కువ ఆస్తి ఉన్నవాళ్ళు లేరా? ఉండే ఉంటారు. ఒక్కరి పేరు చెప్పండి చూద్దాం.

అంటే ఒకప్పుడు మన దగ్గర కలిమి కనబడేది పెట్టడంలో. ఇప్పుడు కలిమి కనబడుతున్నది నలుగురి ముందూ కూర్చుని తినడంలో. ఇంటి పెద్ద బంతి చివర నిలబడేవాడు. ఇప్పుడు హాలు మధ్యలో కూర్చుంటున్నాడు.

ఈ ముక్క నాకు తట్టినందుకు నేనే మురిసిపోయాను. సోమవారం పొద్దున ఆఫీసులో టీ తాగుతూ, రొయ్యల సంగతితో సహా అంతా నా పక్క సీటు మిత్రుడికి చెప్పాను. అతను గ్లాసు కింద పెట్టాడు.

"గురువు గారూ, మీరు మారు, మారు అని మురిసిపోతున్నారు. ఆ మారు వడ్డించే గరిటె మా నాన్న ఆకు మీదికి ఎంత ఎత్తు నుంచి వచ్చేదో మీకు తెలుసా?"

నాకు తెలియదు. తెలియదు అనడం కూడా సరి కాదు, తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు. వాళ్ళ నాన్న గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూళ్ళో పెద్ద రైతు దగ్గర పని చేసేవాడట. ఆ ఇంట్లో పెళ్ళైతే అందరికీ పెట్టేవాళ్ళట, కడుపు నిండా. కాకపోతే వీళ్ళకి దొడ్లో, అన్ని బంతులూ లేచాక. ఊళ్ళో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి. ఆయన గ్లాసు చూరుకి వేలాడుతూ ఉండేదట, తాగి తనే కడిగి పెట్టుకోవాలి. పెట్టిపుట్టడం గురించి నేను చెప్పిన కథలో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టి పెట్టారో అన్న ముక్క ఎగిరిపోయింది.

"మీరు చెప్పిన హోటల్ ఖరీదే, కాదనను," అన్నాడు అతను. "కానీ అక్కడ నన్ను ఆపేది అంకె ఒక్కటే. అంకెని నేను దాటగలను. మా పాప పుట్టినరోజుకి దాటాను కూడా. ఎవరి అబ్బాయివి, ఏ పేట అని ఒక్కడూ అడగలేదు. మీరు వాష్‌బేసిన్ పక్కన కూర్చోబెట్టారని బాధపడుతున్నారే, నన్నూ అక్కడే కూర్చోబెట్టారు. ఇద్దరినీ ఒకే కారణానికి కూర్చోబెట్టారంటే నాకు సంతోషమే."

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో క్లాజు చదివితే అందులో దుకాణాలు, పబ్లిక్ రెస్టారెంట్లు, హోటళ్ళు అని పేరుపేరునా రాసి ఉంటుంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుణ్ణీ అక్కడికి రానివ్వకుండా ఉండటానికి వీల్లేదని. అంత పెద్ద పుస్తకంలో కాఫీ హోటల్ గుమ్మాన్ని ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చిందంటే ఆ గుమ్మాల దగ్గర ఏం జరిగేదో ఊహించుకోవచ్చు.

అతని మాట ఒప్పుకుంటూనే ఒక్కటి అన్నాను. ఆ తెల్లచొక్కాల పెరుగన్నం సంగతేంటి? అంకె దాటి లోపలికి వచ్చాక కూడా లోపల ఇంకో బంతి ఉంది కదా? అతను నవ్వి, "ఉంటుంది. కానీ దాని తలుపు కూడా ఎంతకి తెరుచుకుంటుందో తెలిస్తే అదీ దాటొచ్చేమో," అన్నాడు. ఆ ఆశ నాకు లేదు. అతనికి ఉంది.

ఇక ఓనర్ల వైపు నుంచి కూడా రెండు మాటలు చెప్పాలి, వాళ్ళ ఉప్పు తింటున్నాను కాబట్టి. ధర చూసి దోపిడీ అనేస్తాం. కాగితం మీద అంత లాభం కనపడదు. మామూలుగా ఇలాంటి చోట ప్లేటు ధరలో సరుకుల ఖర్చు మూడో వంతు ఉంటుంది. మిగిలింది అద్దె, జీతాలు, కరెంటు, అన్నిటికీ మించి ఆ గోడలూ దీపాలూ. పైగా 2017 నవంబరు 15 నుంచి రెస్టారెంటు బిల్లు మీద జీఎస్టీ ఐదు శాతమే అయినా ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అద్దె మీద, వంటింటి మెషిన్ల మీద, ఏసీల మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. అది మెల్లగా మీ రొయ్యల ధరలోకి వచ్చి చేరుతుంది. గది అద్దె రోజుకి 7,500 దాటే హోటళ్ళలోని రెస్టారెంట్లయితే 18 శాతం వేస్తాయి, వాళ్ళకి క్రెడిట్ ఉంటుంది. అది వేరే కథ.

ఆ రెక్కల గోడ ఆయుష్షు ఎంతనుకుంటున్నారు? నా దగ్గరున్న పద్దుల్లో చూసిందయితే రెండేళ్ళు. ఊళ్ళో అందరూ దాని ముందు ఫొటో దిగేశాక ఆ గోడ పని అయిపోతుంది. మళ్ళీ కొత్త గోడ, కొత్త పేరు, కొత్త అప్పు. ఈలోపు గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ముందు ఇడ్లీ మీద వెన్న కోసం జనం నిలబడే ఉంటారు. గుంటూరులో శంకర్ విలాస్ హోటల్ పేరు చూడండి, సెంటరుకి అదే పేరు, పక్కన రైలు పట్టాల మీది వంతెనకీ అదే పేరు. టిఫిన్లు పెట్టిన హోటల్ పేరు వంతెనకి వచ్చింది. ట్రఫుల్ నూనె పేరుతో వంతెన వస్తుందని నేననుకోను.

బిల్లు దగ్గరికి వస్తాను. నీళ్ళ సీసాలు రెండు, ఒక్కోటి 190. హోటల్లో సీసా నీళ్ళు ఎమ్మార్పీ కంటే ఎక్కువకి ఇవ్వొచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. అక్కడ మీరు కొనేది సరుకొక్కటే కాదు, కూర్చోబెట్టి చేసే సేవ కూడా ఉందనేది వాదన. ఒప్పుకుందాం. మరి సేవ పేరుతో సీసా ధర పెంచాక, మళ్ళీ ఆ సీసా మీద పది శాతం సర్వీస్ చార్జి ఏ సేవకి? కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4నే మార్గదర్శకాలిచ్చింది. సర్వీస్ చార్జి దానంతటదే బిల్లులో కలపకూడదు, ఇంకో పేరుతోనూ వసూలు చేయకూడదు, ఇవ్వడం మన ఇష్టం. రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకి వెళితే అదే నెలలో స్టే వచ్చింది. 2025 మార్చి 28న ఆ పిటిషన్లని కొట్టేసి, మార్గదర్శకాలు చెల్లుతాయని హైకోర్టు తీర్పు చెప్పింది.

ఇవన్నీ నాకు కంఠతా. మేనేజర్ని పిలిచి నెమ్మదిగానే చెప్పాను. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పకుండా తీసుకెళ్ళి కొత్త బిల్లు తెచ్చాడు. ఎంత తేలిగ్గా తీసేశాడంటే, అడిగినవాళ్ళకి తీసెయ్యమని ముందే చెప్పి ఉంటారు. 6,400 మీద 320 పన్ను, 6,720. తగ్గింది 672 రూపాయలు. నేను గెలిచినట్టు చూశాను.

మా బావమరిది మొహం మాడిపోయింది. "పరువు తీశావు బావా. అక్కడ నా పార్టీ కూర్చున్నాడు," అన్నాడు. తెల్లచొక్కాల్లో ఒకతను వాడి దగ్గర స్థలం చూసినవాడట. వాడు కార్డు ఇచ్చేసి, జేబులోంచి రెండు 500 నోట్లు తీసి, ఆ తెల్లచొక్కా చూసేలా అట్టలో పెట్టాడు. 672 మిగిల్చి 1,000 పోగొట్టాను. వాడు వాడుతున్న కారు మీద ఇంకా నలభై వాయిదాలున్నాయని మా ఆవిడకి తెలుసు, నాకు తెలుసు.

ఇదంతా కడుపుమంట అంటారా? వాడు అన్నాడు, కారెక్కుతూ. కొంత ఉంది. లేదంటే నమ్మకండి. ఆ పెరుగన్నం గిన్నె చూసినప్పుడు మండింది కడుపే కదా. కానీ ఆ రాత్రి ఇంటికొచ్చి మంచం మీద పడుకుని హాలంతా మళ్ళీ ఒకసారి గుర్తు చేసుకుంటే అసలు డబ్బున్నవాళ్ళని ఎంతమందిని చూశానో తేలలేదు. ఆ కుర్ర జంట కాదు. మేం కాదు. ఓనరు అప్పుల్లో ఉన్నాడు, అది నేను పందెం కాస్తాను. మేం ఎదుటి టేబుల్ వాళ్ళని పెద్దవాళ్ళనుకుని చూశాం. మా ఆవిడ పట్టుచీర, మా బావమరిది చేతి గడియారం చూసి వాళ్ళూ మమ్మల్ని అలాగే అనుకుని ఉంటారు. డబ్బున్నవాళ్ళు ఎలా తింటారో చూద్దామని వచ్చి, ఒకళ్ళకి ఒకళ్ళం డబ్బున్నవాళ్ళ వేషం కట్టి పోయాం. టిక్కెట్టు 6,720.

ఆ హాల్లో నిజంగా ఆస్తి ఉన్న మనిషి ఎవరంటే, రెండు రొయ్యలు అడిగిన పెద్దావిడే. అది ఎలా తెలిసిందో చెప్పాలి.

బయట పోర్టికోలో కార్ల కోసం నిలబడ్డాం. వాళ్ళూ నిలబడ్డారు. కొడుకు ఫోనులో ఉన్నాడు. ఆవిడ మా ఆవిడ పక్కకి వచ్చి, ఎన్నాళ్ళ పరిచయమో ఉన్నట్టు, "మీరేం తిన్నారమ్మా? కడుపు నిండిందా?" అంది.

మా ఆవిడ నవ్వింది. "ఏదో పెద్దమ్మ గారూ, ఇంటికెళ్ళి పెరుగన్నం తినాలి."

"మా వాడు తీసుకొచ్చాడమ్మా, కాదంటే బాధపడతాడు. ఆ పిల్లాడిని ఏదో అడక్కూడనిది అడిగానంట. మా ఇంట్లో అడిగేదాకా ఎవరుంటారు?" గుడివాడ వైపు కాలవ కింద వాళ్ళకి పన్నెండెకరాలట. పాలేళ్ళు, కోతల వాళ్ళు కలిపి ఒకప్పుడు రోజూ ముప్ఫై మందికి వండేదట. చెబుతుంటే ఆవిడ చెయ్యి గాల్లో గరిటె తిప్పుతోంది. నేను పక్కనే నిలబడి వింటున్నాను. సినిమాలో ఆఖరి సీను చూస్తున్నట్టుంది నాకు. పెట్టిపుట్టడం అంటే ఇదీ, నా వాదనకి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనుకున్నాను.

"మీదే ఊరమ్మా?" అంది. మా ఆవిడ చెప్పింది. "ఇంటిపేరు?" చెప్పింది. ఆవిడ మొహం విచ్చుకుంది. "అట్లా చెప్పు మరి, మనవాళ్ళే! ఆదివారం మా ఊరు రండి. భోజనానికి రావాల్సిందే. నాటుకోడి కోయిస్తాను." ఈలోపు కారు వచ్చింది, కొడుకు ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు. అద్దం దించి కూడా, "రావాలమ్మా," అంది.

సోమవారం ఆఫీసులో చెప్పిన కథలో ఈ ముక్క ఆఖరుకి దాచుకున్నాను. అంకె సంగతీ గరిటె సంగతీ మాట్లాడుకోవడం అయ్యాక, ముక్కూ మొహం తెలియని మమ్మల్ని ఆ పెద్దావిడ భోజనానికి పిలిచిందని చెప్పాను. ఇది విన్నాక అతను కొంచెం మెత్తబడతాడనుకున్నాను. అతను టీ గ్లాసు కడిగి బల్ల మీద బోర్లించాడు.

"ఇంటిపేరు అడిగాక పిలిచిందా, అడక్కముందే పిలిచిందా?" అన్నాడు.

గుర్తు చేసుకుని చెప్పాను. అడిగాకే.